వణుకుతూ తిరిగే మెషిను

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. కార్ల పెయింటుకు పాలిష్ పెట్టడమే వృత్తిగా చేసుకున్నవాడివి కనుక ఈ సంగతి నీకే రాస్తున్నాను. మీ అక్కకు మాత్రం చెప్పవద్దు. తను మీ పిన్నిగారింటికి వెళ్లింది కదా, తీరిక దొరికిందని తన నీలం కారును గిన్నెలు తోమే పీచుతో కడిగాను. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. నెలాఖరుకు తను తిరిగి వస్తుంది.

దుకాణంలో రెండు రకాల పాలిష్ మెషిన్లు చూపించారు. ఒకటి నిలకడగా గుండ్రంగా తిరుగుతుంది. రెండోది తిరుగుతూ వణుకుతుంది. పళ్ల డాక్టరుగా జీవితమంతా తిరిగే పనిముట్టునే పట్టినవాడిని, నాకు మొదటిదే తగినదని నమ్మకం. అవునని ఒక్క ముక్క రాయి.

నీ బావ

తా.క.: పీచు కొత్తదే. జిడ్డు ఏమాత్రం లేదు.

---

బావగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. గీత మీద గోటిని అడ్డంగా జరపండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే గీత పైపూతలోనే ఉన్నట్టు, పోతుంది.

మెషిను విషయంలో మాత్రం మన్నించాలి. మీకు వణుకుతూ తిరిగేదే సరైనది. మొదటిది ఒకేచోట తిరిగి పెయింటును వేడెక్కిస్తుంది. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే అంచుల దగ్గర రంగే లేచిపోతుంది. రెండోది నిదానం, కానీ చేతి పొరపాట్లను క్షమిస్తుంది.

మీ బావమరిది

తా.క.: కొత్త పీచే ఎక్కువ గీస్తుంది.

---

బావమరిదిగారికి,

తమరు రాసింది చదివాను. రాయనిది కూడా చదివాను. నా సంగతి ఎవరో తమ చెవిన వేశారు. నా క్లినిక్కులో పనిచేసిన ఆ కాంపౌండరే అయ్యుంటాడు.

మెట్లెక్కలేక క్లినిక్కు మూసేశానని అందరికీ చెప్పుకున్నాను, మీ అక్కతో సహా. నిజం ఏమిటంటే కుడిచెయ్యి వణుకుతోంది. ఒకరి నోట్లో పెట్టాల్సిన చెయ్యి కనుక మానేశాను. అంతమాత్రాన వణికేవాడికి వణికే మెషిను అంటగడతారా? చేతి పొరపాట్లను క్షమిస్తుందట. యంత్రాల చేత క్షమాభిక్ష పెట్టించుకునే స్థితికి నేనింకా రాలేదు. రేపే మొదటిది కొంటున్నాను.

ఇట్లు,
ఒకప్పటి పళ్ల డాక్టరు

తా.క.: ఆ రెండోదానికి ఎన్ని అంగుళాల పాలిష్ ప్యాడ్ వేస్తారు? కేవలం తెలుసుకోవడానికే.

---

బావగారికి నమస్కారాలు.

పాపం, కాంపౌండరును ఏమీ అనకండి. నాకెవరూ చెప్పలేదు. మీ ఉత్తరం వచ్చేదాకా మీ చెయ్యి సంగతే నాకు తెలియదు.

కొత్తగా నేర్చుకునే ప్రతివారికీ నేను చెప్పేది ఆ మెషినే. నేను రోజూ పట్టేదీ అదే. వణుకు దానికి జబ్బు కాదు, విద్య. అలా కదులుతూ ఉంటుంది కనుకనే వేడి ఒకచోట పోగుపడదు.

ముందు ఏదైనా పాత కారు తలుపు మీద చేసి చూడండి. అంచులకు టేపు అంటించండి. నొక్కవద్దు, మెషిను బరువే చాలు. చెయ్యి దాన్ని నెమ్మదిగా నడిపిస్తే సరిపోతుంది. ఆ నెమ్మది మీ దగ్గర ఉన్నంతగా నా దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరికీ లేదు.

మీ బావమరిది

తా.క.: అయిదంగుళాలది. నేనూ కేవలం తెలియజేయడానికే రాస్తున్నాను.

---

చిరంజీవికి,

రెండోదే కొన్నాను.

మెకానిక్కు దగ్గర్నుంచి పాత తలుపొకటి తెచ్చి, అలవాటు చొప్పున "నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి" అని దానికి చెప్పి మొదలుపెట్టాను. మెషిను వణుకులో నా వణుకు ఎక్కడ కలిసిపోయిందో తెలియలేదు. తరువాత బానెట్ పట్టుకున్నాను. సాయంత్రానికి అందులో నా మొహం కనిపించింది. గడ్డం గీసుకోలేదని అప్పుడే తెలిసింది.

మీ అక్క వచ్చింది. సంచి కింద పెట్టి కారు చుట్టూ తిరిగింది. సంతోషిస్తుందనుకుంటే మొహం పాలిపోయింది. "ఎవరికి అమ్మేశారు?" అంది. క్లినిక్కు కుర్చీని కూడా పంపించే ముందు ఇలాగే మెరిపించానట. ఉన్నవన్నీ ఒక్కొక్కటే వదిలించుకుంటున్నానని తన భయం.

ఇక దాచి లాభం లేదనిపించింది. పీచు సంగతి చెప్పాను. చెయ్యి సంగతీ చెప్పాను. పీచుకు తిట్టవలసినంతా తిట్టింది. చెయ్యి దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించి, "ఇన్నాళ్లూ మీకు కాఫీ సగం కప్పే ఎందుకు పోస్తున్నాననుకున్నారు?" అంది.

నేను పొదుపనుకున్నాను.

నీ బావ

తా.క.: ఈ పొద్దున కప్పు నిండా పోసింది. కాస్త ఒలికింది. ఇద్దరం చూసి ఊరుకున్నాం.