గోతిలో దొరికిన కత్తెర

ఏమండీ, బస్సు టైమైంది, వెళ్తున్నా. అన్నం పొయ్యి మీద ఉంది, చల్లారకముందే తినండి. వంగమొక్కల కోసం గోడవారన గొయ్యి తవ్వి వదిలేశాను. అటు వెళ్ళకండి, పడతారు.

ఆ గోతిలో రేకు డబ్బా దొరికింది. లోపల మీ కత్తెర, టేపు, సుద్దముక్క ఉన్నాయి. షాపులో కత్తెర ఎవరో ఎత్తుకుపోయారని చెప్పి మీరు కుట్టుపని మానేశారు. ఆ దొంగ కళ్ళు పోను అని మూడేళ్ళుగా నేను రోజూ శాపనార్థాలు పెడుతున్నాను. డబ్బా అడుగున కంటి డాక్టరు కాగితం కూడా ఉంది. చూపు మెల్లగా పోతుందట, మందు లేదట. ఆ కత్తెర నన్ను కూడా ముట్టనిచ్చేవారు కాదే, మట్టిలో ఎలా పెట్టారండీ? మిషను నూనె పోసి చూశాను. తుప్పుకి బిగుసుకుపోయింది, ఇక తెరుచుకోదు.

రోజూ వెళ్తూ నేను పెట్టే చీటీల్లో రాసిన ఒక్క పనీ చెయ్యరని ఎన్నెన్ని మాటలన్నాను! కనపడటం లేదని ఒక్కసారి నోరు విప్పితే మీ సొమ్మేం పోయేది?

ఇవాళ క్యాలెండరు కాగితం వెనక పెద్దపెద్ద అక్షరాలతో రాశాను. అయినా కనపడకపోతే పక్కింటివాళ్ళ చేత చదివించకండి. సాయంత్రం నేనే వచ్చి చదువుతాను.