ఫోర్కు సీళ్లలో తెల్లపొడి

సుసన్నక్కా, వందనాలు. నేను బాగున్నాను, బండి కూడా బాగైంది. ఫోన్ చేస్తే బావే ఎత్తుతాడని కార్డు రాస్తున్నాను. ఆయన చదివినా నాకు భయం లేదు.

బావ వాడుకుని తిరిగిచ్చినప్పటి నుంచి ముందు చక్రం ఫోర్కులో ఆయిల్ కారి బ్రేకు సరిగా పట్టలేదు. నిన్న బొగ్గు గని డ్యూటీ దిగి, ఖని బజారులో ఆయిల్ ఆపే రబ్బరు సీళ్లు మార్పించాను. మెకానిక్ పాతవి చేతిలో పెడితే గొడవపడ్డాను.

"ఎవని సీళ్లు చూపెడుతున్నవ్? ఈడ తిరిగే బండికి బొగ్గుపొడి పడ్తది. గీ తెల్లపొడి ఏంది?"

"నీ ముంగటనే ఇప్పిన గద తమ్మీ! గిది కంకర మిషిన్ పొడి. బండి ఎవలకిచ్చినవో వాళ్లనడుగు."

అక్కా, ఊపిరితిత్తులు పాడవుతాయని డాక్టరు చెప్పాక బావ కంకర క్వారీ మానేశాడని నువ్వే అన్నావు. తెలిసే అన్నావా, నిన్నూ మోసం చేశాడా? బావ దగ్గు ఎలా ఉంది? ఆయన చొక్కా జేబులు దులిపి చూడు. జవాబుకు బదులు పచ్చడి పంపకు, ముందు నిజం రాయి. బండి మళ్లీ ఇవ్వను; దవాఖానకైతే నేనే వచ్చి ఎక్కించుకుపోతాను.

పిల్లలకు ముద్దులు. బావకు వందనాలు నీ జవాబు చూశాకే.

గిడియోన్