మంత్రి ఏం తెచ్చినాడు?

మంగళవారం, రాత్రి

ఎడారిలో పంటలెట్ల పండిస్తారో చూసొస్తానని విదేశానికి పోయిన మంత్రి ఈపొద్దు మా ఊరికొచ్చినాడు. ఆడ పైరు ఎంత పచ్చగా ఉండాదో ఒకటే వర్ణన. ఆ ఖర్చుతో ఈడ ఎన్ని బోర్లు వేయొచ్చునో దేవునికెరుక. నా నాలుక ఊరుకుంటుందా? సభలో పక్కన కూర్చున్న ఓబుళమ్మ పెద్దమ్మ చెవిలో ఊదినా.

"ఊరి దుడ్లతో పోయొచ్చినోడు ఊరికేమన్నా తేవల్ల గదా పెద్దమ్మా. అడుగు."

నేను నవ్వులాటకు అంటే, ఆమె నిజంగానే లేసింది.

"నాయనా, బోరు ఎండిపాయ. నా చీనీపండ్ల చెట్లు వాడిపోతాండాయి. వాటికేం తెచ్చినావు?"

అందరూ గొల్లున నవ్వినారు. మంత్రి మాత్రం నవ్వల్యా. "రిపోర్టు రాస్తాండామమ్మా" అన్నాడు మెల్లగా. పెద్దమ్మ కొంగులోని ఉడకబెట్టిన చెనిక్కాయలు ఆయన చేతిలో పోసింది. "తిను నాయనా, ఎండన బడి వచ్చినావు."

ఇంటికొస్తా దావలో నేను ఎగతాళి చేస్తే నన్నే తిట్టింది.

"నువ్వు సంతకు పోతాంటే ఏం తేవల్లో నలుగురం చెప్పి పంపుతామా లేదా? ఆయప్ప పోయేటప్పుడు మనల్ని ఎవురన్నా అడిగినారా? చెప్పకుండా పంపి, తేలేదంటే ఎట్ల రా?"

నా నోటికి తాళమేసే మనిషి ఈ ఊర్లో ఆమె ఒకతే.

రేపు ఉరవకొండకు పోతాండా, ఏం తేవల్ల పెద్దమ్మా అని అడిగినా.

"నీళ్ల ట్యాంకరోన్ని తోడుకోని రా. ఇంగ ఆలస్యమైతే చెట్లు దక్కవు."

ఆ ట్యాంకరోడు నేనేం చెప్పినా ఎగతాళే అనుకుంటాడు. రేపొక్క దినం నమ్మితే బాగుండు...