ఏటికి చేరని సీత బొమ్మ

క్యారీ నుంచి

కుళ్లాయప్పన్నకు నమస్కారం.

మనుషులు చేసుకున్న వస్తువు పాడైతే దాచుకోవాలా, పోనివ్వాలా? ఇక్కడి మ్యూజియంలో పనికి చేరిన నాటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మొన్న మీరు ఈ దేశమొచ్చి ఆడిన తోలుబొమ్మలాటలో సీత మెడ దగ్గర చినిగినప్పుడు మీరు తేలిగ్గా జవాబు చెప్పేశారు.

"ఆడలేని బొమ్మను ఇంట్లో పెట్టుకోగూడదు చెల్లెమ్మా. మా నాయిన చేసిందైనా సరే, ఏట్లో కలిపెయ్యల్ల. నాకు పొద్దున్నే ఫ్లైటుంది, నువ్వు కలిపేయ్."

నేను సరేనన్నాను.

శనివారం నదికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. కారు దిగాక మా అమ్మాయి స్మృతి బొమ్మను ఎండకెత్తి పట్టుకుంది. తోలులోంచి ఎరుపూ ఆకుపచ్చా పిల్ల ముఖం మీద పడ్డాయి.

"మామ్, షీ ఈజ్ స్టిల్ వర్కింగ్! ఎందుకు పారేస్తున్నావ్?"

"పారేయడం కాదే, సాగనంపడం."

"సేమ్ థింగ్!" అని నవ్వింది. బొమ్మతోనే తిరిగొచ్చాం.

మీరు ఒప్పుకుంటే, చినిగిన చోట అతికించి అద్దాల పెట్టెలో పెడతామంటున్నారు మ్యూజియం వాళ్ళు. అలాగైతే చాలా ఏళ్ళు ఉంటుంది, కానీ ఇక ఆట ఉండదు. మీరు మళ్ళీ ఏట్లో కలిపెయ్యమనే అంటారని తెలుసు. అయినా అడుగుతున్నాను. మీకిచ్చిన మాట నిలుపుకోవాలో, మీ నాయన చేతిపని నిలపాలో నాకింకా తేలలేదు.

మీ చెల్లెలు