నాలుగో గుండ్రం

జూన్ 3

కొత్తవాడ మరమగ్గాల షెడ్డు నుంచి మళ్లీ ఫోన్. పోగు తెగగానే సాంచాను, అదే మరమగ్గాన్ని, దానంతటదే ఆపే మా పెట్టె పనిచేయడం లేదట. ఆఫీసులో శుభ్రంగా పనిచేస్తోంది. మా టీంలోని హరీశ్ కంప్యూటర్ సిమ్యులేటర్‌లో రెండు వందల టెస్టులు నడిపాడు, అన్నీ గ్రీన్. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు.

జూన్ 4

టీం లీడ్ సుదర్శన్ సర్ పెట్టె పనితీరు డయాగ్రాం అడిగారు. మా దగ్గర డయాగ్రాం అంటే డెలివరీకి ముందురోజు కోడ్ చూసి గీసేది. పెళ్లయ్యాక పెళ్లిచూపులు. హరీశ్‌ది ఇంకో మతం. కంప్యూటర్ టూల్‌లో మోడల్, అంటే ఈ బొమ్మే, గీస్తే కోడ్ అదే పుడుతుందంటాడు. పుట్టిన కోడ్‌ను చేత్తో సరిచేసేది మాత్రం నేను. నేనైతే కాగితం మీద గీస్తాను, తర్వాత ఆ కాగితం మీదే టిఫిన్ పెట్టుకుంటాను.

చట్నీ మరకతో సహా ఇచ్చేశాను. సాంచా ఒక్కో స్థితికి ఒక్కో గుండ్రం, మొత్తం మూడు: నడుస్తోంది, పోగు తెగింది, ఆగింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణాలు. బాణాలన్నీ కరెక్టే అన్నారు సర్. మరి ఫోన్లెందుకొస్తున్నాయని అడగలేదు.

జూన్ 6

షెడ్డుకు వెళ్లాను. పెట్టెకు కుంకుమ బొట్టు ఉంది, పాలిథీన్ కవర్ ఉంది. స్విచ్ మాత్రం ఆఫ్.

నాలుగు సాంచాలు నడిపేది సాంబమూర్తి కాక. అరవై దాటాయి. జర కూసో బిడ్డా అని స్టూలు లాగాడు. పెట్టె మంచిదే గానీ జిద్దు చేస్తాంది, మొండికేస్తాంది అన్నాడు. ఎప్పుడు కాకా అంటే, గదే, అప్పుడప్పుడు అన్నాడు.

బయటికొచ్చాక యజమాని వెంకట్రాజం అసలు సంగతి చెప్పాడు. కాకకు చూపు తగ్గింది. తెగిన పోగు కనిపించడం లేదు, బట్ట పాడవుతోంది. నెలాఖరు దాంక చూస్త మేడం, పెట్టె పనిజేస్తే కాక ఉంటడు, లేకుంటే సాంచాలు ఇంకొకలకు ఇయ్యాలె అన్నాడు. ఆ సంగతి కాకకూ తెలుసట.

తెలిసి కూడా నాకు స్టూలు వేశాడు.

జూన్ 7

మోడల్‌లో తప్పు లేదు. కోడ్‌లో తప్పు లేదు. మరెక్కడ?

జూన్ 10, మధ్యాహ్నం 3

మళ్లీ షెడ్డు. గుండ్రాల కాగితం ఇస్తే కాక కళ్ల దగ్గరికి తెచ్చుకొని, కండ్లు ఆనుతలేవు బిడ్డా అన్నాడు. సరే అని చాక్‌పీసుతో షెడ్డు నేల మీదే గీశాను, ఒక్కో గుండ్రం మనిషి నిలబడేంత. సాంచా ఎట్లుంటే నువ్వు ఆ గుండ్రంలో నిలబడు కాకా అన్నాను. పక్క సాంచాల వాళ్లు నవ్వారు. కాక నవ్వలేదు.

నడుస్తోంది. నిలబడ్డాడు. పోగు తెగింది. జరిగాడు. ఆగింది. జరిగాడు. పోగు అతికినవు, ఇక నడుపు అన్నాను. కాక కదల్లేదు. రెండు గుండ్రాల మధ్య ఖాళీ నేల మీద కాలు పెట్టి, నేనైతే ఈడ ఉంట, నా గుండ్రమేది బిడ్డా అన్నాడు.

పోగు అతికాక ఎవరూ వెంటనే బటన్ నొక్కరట. సాంచా చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి, తెగినచోటి దాకా పోయి, అక్కడి నుంచి మొదలుపెడతారట. లేకుంటే బట్టల సందు వడ్తది, గిది గూడ ఎర్కలేదా అన్నాడు. ఎర్కలేదు కాకా. మోటారు ఆగి ఉండగా సాంచా కదిలితే మా పెట్టె మళ్లీ పోగు తెగిందనుకుంటుంది, రెండు నిమిషాలు లాక్ చేసేస్తుంది. అదీ జిద్దు. అందుకే స్విచ్ ఆఫ్. రెండు వందల టెస్టుల్లో ఒక్కదాంట్లోనూ మనిషి చెయ్యి లేదు.

కాక నిలబడ్డచోటే నాలుగో గుండ్రం గీశాను. సిగ్గేసింది. దానికన్నా ఎక్కువ సంతోషం వేసింది.

జూన్ 11

కొత్త గుండ్రానికి పేరు కావాలి. మాన్యువల్ రివర్స్ రికవరీ మోడ్ అన్నాడు హరీశ్. నేను వెనక్కి అని రాశాను. టూల్ తెలుగు తీసుకోదన్నాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాను, తీసుకుంది.

సుదర్శన్ సర్ మొదటిసారి, కోడ్ ముట్టకండి, ముందు బొమ్మ చూద్దాం అన్నారు. వెనక్కి తిప్పుతుంటే ఇంకో పోగు తెగితే ఎటు పోవాలని హరీశ్ అడిగాడు. మళ్లీ పోగు తెగింది గుండ్రానికే. ఇంకో బాణం.

జూన్ 19

కొత్త కోడ్ వేశాం. కాక పాలిథీన్ కవర్ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కావాలనే ఒక పోగు తెంపాడు. సాంచా ఆగింది. వేళ్లతో తడిమి అతికాడు. చక్రం వెనక్కి తిప్పాడు. పెట్టె కిక్కురుమనలేదు. బటన్ నొక్కితే నడిచింది. ఇగ జిద్దు ఇడిసింది అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దూది దుమ్మని చెప్పాను.

జూన్ 30

వెంకట్రాజం ఫోన్. కాక ఉంటడు మేడం. అంతే, పెట్టేశాడు.

ఆగస్టు 14

షెడ్డుకు పోయాను. నేల మీద చాక్‌పీసు గీతలు చెరిగిపోయాయి. ఒక్క నాలుగో గుండ్రానికి మాత్రం ఎవరో పసుపు పెయింట్ వేశారు. అందులో స్టూలు. స్టూలు మీద కాక, టీ తాగుతూ. నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి.