ఎరవలను వేటవలగా రాసిన పొరపాటు గురించి

దీవుల చేపలవేట తనిఖీ అధికారి గారికి,
మాల్దీవుల్లోని కందుఫుషి దీవి నివాసి, ‘కందుమా’ అను పడవకు సరంగు అయిన ఆదం మానికు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నిజం చెప్పినందున రేవులో కట్టివేయబడిన మా పడవను విప్పించుట గురించి.

1. సూర చేపలను, అనగా ట్యూనాలను, వలతో పట్టరాదను నిబంధన వచ్చిననాడు ఈ దీవిలో అందరికన్నా ఎక్కువ సంతోషించినవాడను నేనే. ఊరంతటికీ కొబ్బరి మిఠాయి పంచితిని. మాది గెడకు ఒక గాలం, గాలానికి ఒక చేప.

2. గత సోమవారం తమ ఇన్‌స్పెక్టరు షిఫాజ్ గారు మా పడవ ఎక్కి “వల ఉందా?” అని అడిగిరి. “ఉందండీ” అంటిని. వల లేనిదే ఎర ఎక్కడిది? ఎర లేనిదే సూర చేప మా మొహం చూచునా? పొద్దున్నే ఆ వలతో వేలెడేసి చేపలను పట్టి, పడవ అడుగున నీళ్లలో బతికించి, సూర చేపల గుంపు కనబడగానే విసురుతాము. ఇదంతా చెప్పేలోపే ఆయన “అయితే ఇది వల పడవేగా” అని రాసుకొని తాళం వేయించిరి. లేదని చెప్పి ఉంటే ఈపాటికి సముద్రం మీద ఉండేవాణ్ణి.

3. నాటి నుంచి సూర చేపలు రేవు ఎదుటే గుంపులుగా పోవుచున్నవి. గాలి మారితే ఇవీ ఉండవు. చెయ్యి మరిచిపోతుందేమోనని మావాళ్లు గట్టు మీదే గెడలు విసురుతున్నారు. నిన్న గాలానికి బడిపంతులు గారి టోపీ పడినది. మంచి బరువే.

4. ఇంట చేప లేక, డబ్బా ట్యూనా కొని కొబ్బరికోరులో కలుపుకొని తింటున్నాము. డబ్బా మీద గెడతో చేపలు పట్టువాని బొమ్మ ఉన్నది. మా ఆవిడ ఆమినాత్ దాన్ని నా కంచం పక్కన నిలబెట్టి, “చూడండి, ఈయనైనా పనికెళ్తున్నాడు” అన్నది. నవ్వితిని. తర్వాత ఏడుపు వచ్చింది.

అంకె వేయుట మరిచితిని, ఇది అయిదవది. మన సముద్రపు హద్దుకు అవతల ఊరంత వలతో ఒక ఓడ నిలుచున్నది. తల్లీ పిల్లా అని చూడక గుంపునంతా ఊడ్చుకుపోతోంది. దాన్ని ఎవరూ కట్టలేదు. కట్టడానికి మా రేవు చాలదనుకుంటాను.

కావున మా వల నమూనా ముక్క ఒకటి జతపరచడమైనది. దాని కన్నులో నా చిటికెనవేలు దూరదు. దానితో ఒక్క సూర చేపను పట్టి చూపినవారికి నా పడవను రాసిచ్చెదను. లేనియెడల గుంపు దాటిపోకముందే తాళం తీయించ ప్రార్థన.

తీరిక చేసుకొని చిత్తగించవలెను. తీరిక లేకున్నను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్రస్తుతం గట్టు మీదనున్న సరంగు,
ఆదం మానికు

తా.క. పడవకు తాళం ఉన్నందున ఆ నమూనా ముక్కను మా కిటికీ తెరలోంచి కత్తిరించాను. పాత ఎరవలనే రెండు మడతలు వేసి ఆమినాత్ కుట్టుకున్న తెర అది. ఇప్పుడే చూసింది. తిట్టలేదు. “మీ పడవ విప్పిన రోజే ఇది కుడతాను, అందాకా చూస్తూ పడుకోండి” అంది. నా మంచం సరిగ్గా ఆ కన్నానికి ఎదురుగానే ఉంది. అందులోంచి సముద్రం కనిపిస్తోంది. చేపలు ఎగురుతున్నాయయ్యా.