తంబాకు మీద నింద

ప్రియమైన అమ్మకు,

హాస్టల్ల ఫోన్లు గుంజుకున్నరు. మన గల్లీ స్నేహ వారంవారం ఇంటికొస్తది గదా, ఆమెతోటి ఈ చిట్టీ పంపుతున్న. ఖుషీ ముచ్చట ఏందంటె, ఈ నెలల్నే స్టేట్ కబడ్డీ టీమ్‌కు సెలక్షన్. నా పేరు పక్కా అంటున్నరు మా కోచ్ సార్!

మొన్న ప్రాక్టీసుల, మా టీమ్‌ల ఆడే శీతల్ తల, నా తల గట్టిగ గుద్దుకున్నయ్. కండ్లకు చీకట్లొచ్చినయ్. సార్ మొఖం మీద నీళ్ళు కొట్టి "ఏంగాలె, లే" అన్నరు. లేసి ఆడిన. అప్పటిసంది తల నొస్తుంది, తిరుగుతుంది, తిన్నది కక్కుతున్న. దీపావళి సెలవుల్ల నీ పక్కన బీడీలు చుట్టిన గదా, ఆ తంబాకు ఎక్కిందేమో. అంతేనా?

నీ బిడ్డ,
ఋతుజ

*

నా బంగారు బిడ్డకు,

అవునే, తంబాకే. మన కుంఠా నాకా బస్తీల తల తిరగని ఆడిదెవరే? నేను కక్కుకుంట సుత బీడీలు చుట్టిన. నిమ్మకాయ నీళ్ళు తాగు, పోతది. జెర దిష్టి సుత తాకి ఉండొచ్చు. నా బిడ్డ పేరు స్టేట్ టీమ్ బనీను మీద అచ్చయితదని కార్ఖానాల అందరికి చెప్పిన మరి! మీ నాయిన మగ్గం బందువెట్టి గల్లీ అంత పేడా మిఠాయిలు పంచిండు.

మంచిగ ఆడు.

మీ అమ్మ,
గోదావరి

*

ప్రియమైన అమ్మకు,

నిమ్మకాయ నీళ్ళు తాగుతనే ఉన్న. ట్యూబ్‌లైట్ వెలుగు సుత కండ్లల్ల గుచ్చుతుంది.

నిన్న ఒక నవ్వులాటైంది. రైడుకు పోయి, మల్ల ఎటు రావాల్నో మర్చిపోయిన. మన దిక్కేదో, వాళ్ళ దిక్కేదో! నడుమల నిలబడ్డ. పోరీలంత పడి పడి నవ్విండ్రు. నేను సుత నవ్విన. తర్వాత బాత్‌రూంల ఏడ్చిన.

శీతల్ భయపడి ఇంటికి పోయిందట. నేను భయపడ. ఆదివారమే సెలక్షన్. తంబాకే గదా అమ్మా? మల్లొకసారి రాయి.

నీ ఋతుజ

*

బిడ్డా ఋతుజా,

చిన్నమ్మ ఫోన్‌కు జేస్తె కట్ జేస్తున్నవ్. అందుకె మల్ల చిట్టీ.

ఆదివారం అందరి ముందట నీ రెట్ట వట్టి గుంజుకొచ్చిన. "నువ్వు నా అమ్మవే గావు" అన్నవ్. నాతోటి రానని చిన్నమ్మ ఇంట్లనే ఉన్నవ్. అను, పడ్త.

నీ చిట్టీ సదివి జోడ్‌భావి పేట్‌ల శీతల్ ఇంటికి ఉరికిన. ఆ పోరి భయపడలేదే, డాక్టరే ఆపిండు. లోపల మెదడు అదిరిందట. అది మానకముందె ఇంకో దెబ్బ తాకితె పానమే పోవచ్చట. నిన్ను సూసిన డాక్టర్ సుత గదే అన్నడు, ఇన్నవు గదా. ఆయన సరే అనేదాంక ఆట మాటెత్తకు. సార్ ఏమన్న అననియ్.

ఇంకో మాట. నువ్వు తంబాకు చాట పక్కన ఉయ్యాలల పెరిగినదానివి. ఒక్కనాడు నీకు తల తిరగలె. అది నాకు ఎరుకె. ఎరుకుండి సుత తంబాకని రాసిన. ఆ బనీను మీద ఆశ నీకన్న నాకే ఎక్కువుండె, బిడ్డా.

కోపం పోకున్నా రాయి. తిట్టుకుంటనన్న రాయి.

మీ అమ్మ,
గోదావరి

*

అమ్మకు,

నీతోటి మాట్లాడ. నా జాగల వేరే పిల్లను తీసుకున్నరు. బనీను నంబర్ సుత నాదే ఇచ్చిండ్రు. డాక్టర్ వద్దన్నడని చిన్నమ్మ టీవీ సుత పెట్టనిస్తలేదు.

కోపం తగ్గలె.

తలనొప్పి జెర తగ్గింది.

ఋతుజ